ఎద్దును అమ్మకముందే రండి

వాతావరణ నష్టాల్లో ఆదుకోవడానికి ఏర్పాటైన అంతర్జాతీయ నిధి బోర్డు సభ్యులకు, ఆ నిధికి డబ్బు ఇచ్చే దేశాల, అందులోంచి డబ్బు తీసుకునే దేశాల ఆర్థిక మంత్రులకు,

నమస్కారం.

ఎంత ఇస్తారు అని అడగడానికి కాదు ఈ ఉత్తరం. అది అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, చివర్లో నేనూ అడుగుతాను. నేను ముందుగా అడగదలచుకున్నది, ఎప్పుడు ఇస్తారు అని. వాన మొహం చాటేసిన పల్లెలో ఒక కుటుంబం తన ఎద్దును అమ్ముకోకముందు ఇస్తారా, అమ్ముకున్నాక ఇస్తారా? మీ లెక్కల్లో ఈ రెండింటికీ మధ్య తేడా కొన్ని వారాలే. ఆ ఇంటికి మాత్రం అది కొన్నేళ్ల తేడా.

నేను సేద్యం చేసే ఇంట్లో పుట్టి పెరిగాను. ఎద్దును అమ్మేసిన రోజు సాయంత్రం, చేతికి అలవాటైన పని కాబట్టి, మిగిలిన కాస్త గడ్డి చంకలో పెట్టుకుని కొట్టంలోకి వెళ్లి, ఖాళీ గాడి ముందు ఆగిపోయిన మనిషిని చూశాను. కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత ఆ గడ్డిని గాడిలోనే వేసి బయటికొచ్చి కూర్చున్నాడు. ఇంట్లో ఎవరూ ఏమీ మాట్లాడలేదు. కరువు అనగానే పేపర్లలో నెర్రెలిచ్చిన నేల ఫొటో వేస్తారు. నాకు మాత్రం ఆ గాడి గుర్తొస్తుంది.

పల్లెలో ఒక ఇల్లు ఒక్క రోజులో కూలిపోదు. దానికి ఒక వరుస ఉంటుంది, మీలో పల్లెల్లో తిరిగినవాళ్లకు అది తెలిసే ఉంటుంది. మొదట కంచంలో కోత పడుతుంది, అది కూడా ఇంటి ఆడవాళ్ల కంచంలో. తర్వాత కోళ్లు, మేకలు పోతాయి. తర్వాత చేబదులు, ఆ తర్వాత వడ్డీకి అప్పు. పిల్లల్లో పెద్దవాళ్లు బడి మానేసి పనికి వెళతారు. అప్పటికీ గడవకపోతే పాడి పశువు, దుక్కిటెద్దు. ఆ తర్వాత విత్తనానికి దాచుకున్న గింజలు వంటింట్లోకి వస్తాయి. చివరికి పొలం తాకట్టు, ఇంటికి తాళం, వలస. ఈ వరుసలో మేకల దగ్గర ఆగిన ఇల్లు మళ్లీ లేస్తుంది. ఎద్దు, విత్తనం దాకా వెళ్లిన ఇల్లు లేవడం చాలా కష్టం. ఎందుకంటే ముందు అమ్మినవి ఇంట్లో ఉన్న వస్తువులు, తర్వాత అమ్మింది రేపటి సంపాదన.

అమ్మే రోజున ఏం జరుగుతుందో కూడా చూడండి. కరువు ఒక్క ఇంటికి రాదు, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఒకేసారి వస్తుంది. అందరూ ఒకే వారంలో పశువులను సంతకు తోలుకొస్తారు. కొనేవాళ్లు తక్కువ, అమ్మేవాళ్లు ఎక్కువ. పశువులు కూడా డొక్కలు ఎండిపోయి ఉంటాయి. ధర సగానికి, అంతకంటే కిందికి పడిపోతుంది. అదే సంతలో గింజల ధర పైకెక్కుతుంది. అమ్మేది చౌక, కొనేది ప్రియం. మామూలు ఏడాదిలో ఎద్దును అమ్మితే ఇంటికి నెలల తరబడి సరిపోయే గింజలొస్తాయి, కరువులో కొన్ని వారాలకు వస్తే గొప్ప. ఆరు నెలలకు వాన పడుతుంది. అప్పుడు అందరికీ ఒకేసారి ఎద్దు కావాలి. ధర రెండింతలు. అద్దెకు అరక దొరికేసరికి అదను దాటిపోతుంది. వానలు బాగా కురిసిన ఏడాది కూడా ఆ ఇంట్లో పంట సగమే. బయటివాళ్లు దీన్ని చూసి, వానలు పడ్డాయిగా, ఇంకా ఏమిటి కష్టం అంటారు.

అందుకే కరువే నష్టం అనుకోవడం పొరపాటు అంటున్నాను. అసలు నష్టం ఆ అమ్మకం. వాన రాకపోవడాన్ని మీరు ఆపలేరు. ఆ అమ్మకాన్ని ఆపగలరు.

సాయం ఆలస్యమైతే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. సోమాలియాలో వానలు దెబ్బతింటాయని, ఆకలి ముంచుకొస్తోందని 2010లోనే హెచ్చరికలు మొదలయ్యాయి. నెలలు గడిచాయి, హెచ్చరికలు పెరిగాయి, డబ్బు మాత్రం కదలలేదు. 2011 జూలై 20న అధికారికంగా క్షామం ప్రకటించాక ప్రపంచం కళ్లు తెరిచింది. ఆ క్షామంలో దాదాపు 2,60,000 మంది చనిపోయారు, వాళ్లలో సగం మంది ఐదేళ్లలోపు పిల్లలు. మరణాల్లో దాదాపు సగం ఆ ప్రకటన రాకముందే జరిగిపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు మా భాషలో. అక్కడ ఆకులు పట్టుకునేసరికి చేతులే మిగల్లేదు.

ముందే వెళ్లిన సందర్భం కూడా ఉంది. 2020 జూలైలో బంగ్లాదేశ్‌లో జమున నదికి పెద్ద వరద రాబోతోందని అంచనా వచ్చింది. ఏ స్థాయి అంచనా వస్తే ఎవరికి ఎంత పంపాలో ఐక్యరాజ్యసమితి సంస్థలు అంతకుముందే రాసిపెట్టుకున్నాయి. ఆ గీత దాటగానే, నీళ్లు పూర్తిగా ఎక్కకముందే, వేల కుటుంబాలకు మొబైల్ ఫోన్‌కు 4,500 టాకాలు చేరాయి, అంటే సుమారు 53 డాలర్లు. తర్వాత ఆ డబ్బు అందినవాళ్లను, అందనివాళ్లను పోల్చి చూశారు. అందిన ఇళ్లల్లో రోజంతా పస్తులుండాల్సిన పరిస్థితి 36 శాతం తక్కువ. మూడు నెలల తర్వాత కూడా వాళ్ల తిండి మెరుగ్గానే ఉంది. 53 డాలర్లు పెద్ద మొత్తమేమీ కాదు. వరద తగ్గాక అదే డబ్బు ఇచ్చి ఉంటే, అప్పటికే పెట్టిన తాకట్టుకు వడ్డీ కట్టడానికి సరిపోయేదేమో. ముందే చేతికి వచ్చింది కాబట్టి గింజలు కొనుక్కున్నారు, పశువులను గట్టుకు చేర్చారు, మనుషులను ఎత్తైన చోటికి తరలించారు.

కెన్యా ఉత్తరాన మర్సబిట్ ప్రాంతంలో 2010లో పశుపోషకుల కోసం మొదలైన బీమా సంగతి కూడా మీకు తెలిసే ఉంటుంది. శాటిలైట్ నుంచి నేల మీది పచ్చదనం కొలుస్తారు. పచ్చిక ఒక స్థాయి కంటే తగ్గితే డబ్బు ఇస్తారు, చచ్చిన ఆవులను లెక్కపెట్టే పని లేదు. 2011 కరువులో ఆ బీమా ఉన్న ఇళ్లల్లో కాస్త కలిగినవాళ్లు పశువులను తెగనమ్ముకోవడం తగ్గింది, బాగా పేదవాళ్లు తిండి తగ్గించుకోవడం తగ్గింది. నాకు ఇంకా నచ్చింది ఆ తర్వాత జరిగిన మార్పు. మొదట్లో ఆ బీమా చచ్చిన పశువు బదులు ఇంకొకటి కొనుక్కోవడానికి అన్నట్టు ఉండేది. తర్వాత, పశువు చావకముందే మేత కొనుక్కునేలా డబ్బును ముందుకు జరిపారు. కాపరికి ఆవు ఖరీదు ఇవ్వడం కంటే ఆవును బతికించుకునే వీలు ఇవ్వడం చాలా చౌక. ఇది ఏ కాపరిని అడిగినా మొదటి రోజే చెప్పేవాడు.

అడగకపోతే ఏమవుతుందో ఆఫ్రికా దేశం మలావీ చూపించింది. ఆ దేశం కరువు బీమాకు లక్షల డాలర్ల ప్రీమియం కట్టింది. 2015-16లో వానలు పోయాయి, మొక్కజొన్న ఎండిపోయింది, 2016 ఏప్రిల్‌లో ప్రభుత్వం జాతీయ విపత్తు ప్రకటించింది. 60 లక్షల మందికి పైగా జనం తిండికి ఇబ్బంది పడే పరిస్థితి. బీమా లెక్కలు వేసే కంప్యూటర్ మోడల్ మాత్రం పరిహారం ఇచ్చేంత నష్టం లేదని తేల్చింది. ఎందుకు? రైతులు ఎక్కువ రోజులకు పండే మొక్కజొన్న రకం వేస్తారని ఆ మోడల్ అనుకుంది. నిజానికి చాలామంది తక్కువ రోజుల రకానికి మారిపోయారు. వాన ఏ వారంలో ఆగితే ఏ రకం దెబ్బతింటుందో రైతుకు తెలుసు, మోడల్‌కు తెలియదు. మళ్లీ పరిశీలన, ఉత్తరప్రత్యుత్తరాలు. చివరికి 81 లక్షల డాలర్లు వచ్చాయి, అవి వచ్చేసరికి 2017 జనవరి. పంట ఎండిపోయిన ఊరు అప్పటికి దాదాపు ఏడాది గడిపేసింది. శాటిలైట్లు, మోడళ్లు వద్దని నేను అనడం లేదు. ఆ ప్రాంతంలో ఈ ఏడాది ఏ విత్తనం వేశారో పొలం గట్టున నిలబడి అడిగే మనిషి ఒకరు కూడా ఆ లెక్కలో ఉండాలి అంటున్నాను. పది కోట్ల పిక్సెళ్లు చెప్పలేనిది ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోయేది.

ఆర్థిక మంత్రులారా, ఇప్పుడు మీతో నేరుగా మాట్లాడాలి. పల్లెను దెబ్బకొడుతున్నది వాతావరణం ఒక్కటే అయితే మన పని సులువుగా ఉండేది. గోరుచుట్టుపై రోకటిపోటులా వాన పోయిన ఏడాదే ఎరువు ధర పెరుగుతుంది, కరెన్సీ విలువ పడిపోతుంది, రాయితీ ఆగిపోతుంది. ఆఫ్రికాలోని జాంబియాను చూడండి. 2020లో విదేశీ అప్పు కట్టలేక చేతులెత్తేసింది. అప్పుల వాళ్లతో బేరసారాలు ఏళ్ల తరబడి సాగాయి, ఇంతలో 2024 ఎల్‌నినో కరువు వచ్చి పడింది. వేసిన 22 లక్షల హెక్టార్ల మొక్కజొన్నలో 10 లక్షల హెక్టార్లు పోయిందని ప్రభుత్వమే చెప్పింది. కరిబా జలాశయం అడుగంటింది, ఆ దేశంలో కరెంటు ఎక్కువగా నీటి నుంచే వస్తుంది కాబట్టి గంటల తరబడి కోతలు పెట్టారు. పంట పోయిన రైతు పట్నంలో వెల్డింగ్ పనికో, మిల్లు పనికో వెళదామంటే అక్కడా కరెంటు లేదు. ఒకే కరువు పొలాన్నీ ఎండబెట్టింది, పొలం పోతే ఆసరా అనుకున్న పనినీ మూసేసింది.

కొన్నిసార్లు దెబ్బ ఆకాశం నుంచి కాదు, రాజధాని నుంచి వస్తుంది. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నపళంగా నిషేధించింది. సేంద్రియ సేద్యం మంచిదే, నేను దానికి వ్యతిరేకిని కాదు. కానీ నేల మారడానికి ఏళ్లు పడుతుంది, అక్కడ ఒక్క సీజన్ గడువు కూడా ఇవ్వలేదు. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు దెబ్బతింది, అదే ఏడాది నవంబరులో నిషేధం ఎత్తేయాల్సి వచ్చింది. అప్పటికి ఆ సీజన్ పోయింది. మరుసటి ఏడాది యుక్రెయిన్ యుద్ధంతో ప్రపంచమంతా ఎరువుల ధరలు మండిపోయాయి, ఐక్యరాజ్యసమితి ఆహార ధరల సూచీ 2022 మార్చిలో అప్పటిదాకా ఎన్నడూ లేనంత పైకి వెళ్లింది. ధరలు పెరిగితే రైతుకు లాభమే కదా అని అనుకునేవాళ్లు ఉంటారు. చిన్న రైతుల్లో చాలామంది అమ్మేదాని కంటే కొనుక్కు తినేది ఎక్కువ. ధర పెరిగితే వాళ్లకు రెండువైపులా వాతే.

మీ మెడ మీద కూడా కత్తి ఉందని నాకు తెలుసు. చదువు మీద గానీ వైద్యం మీద గానీ పెట్టేదాని కంటే అప్పుల వడ్డీకే ఎక్కువ కడుతున్న దేశాల్లో 330 కోట్ల మందికి పైగా జనం ఉన్నారని ఐక్యరాజ్యసమితి లెక్క. అలాంటి ఖజానాతో పల్లెను ఆదుకోమంటే ఎక్కడి నుంచి తెస్తారు? అందుకే గ్రెనడా సంగతి చెప్పాలనిపిస్తోంది. 2015లో అప్పులను తిరిగి రాసుకున్నప్పుడు ఆ చిన్న ద్వీప దేశం ఒక షరతు పెట్టించుకుంది, పెద్ద తుపాను వస్తే కొంతకాలం కిస్తీలు ఆగాలని. 2024 జూలైలో బెరిల్ తుపాను అక్కడి కారియాకూ దీవిని నేలమట్టం చేసింది. గ్రెనడా ఆ షరతును బయటికి తీసింది, కిస్తీలు వాయిదా పడ్డాయి. ఎవరూ ఎవరి కాళ్లూ పట్టుకోలేదు, ఏ సమావేశం కోసమూ ఎదురుచూడలేదు. ముందే రాసి ఉంది, అంతే.

దేశానికి ఉన్న ఆ వెసులుబాటు రైతుకు ఎందుకు ఉండకూడదు? ఇదే షరతు పంట రుణం కాగితంలో, పడవ మీద తీసుకున్న అప్పులో, మహిళా సంఘం రుణంలో ఒక్క పేరాగా రాయించండి. ఫలానా స్థాయి కరువు గానీ, వరద గానీ, తుపాను గానీ వస్తే కిస్తీ దానంతటదే ఆగుతుంది, వడ్డీ మీద వడ్డీ పడదు, ఆ మనిషి పేరు ఎగవేతదారుల జాబితాలోకి వెళ్లదు అని. మాఫీ చేయమనడం లేదు. ఎన్నికలకు ముందు మాఫీ ప్రకటించి, ఎన్నికల తర్వాత బ్యాంకుల చుట్టూ తిప్పడం కంటే ఇది ఎంతో నిజాయతీ గల పద్ధతి. పల్లెల్లో రుణాలిచ్చే సంస్థలకు ఆ కొన్ని నెలల లోటు పూడ్చడానికి మీ నిధి హామీగా నిలబడితే చాలు. కిస్తీ రోజు దగ్గరపడుతుంటే ఇంట్లో ఉండే టెన్షన్ ఏమిటో అనుభవించిన ఎవరికైనా ఈ ఒక్క పేరా విలువ అర్థమవుతుంది. ఎద్దును సంతకు తోలించేది చాలాసార్లు ఆకలి కాదు, కిస్తీ.

జాబితాల గురించి ఒక మాట. డబ్బు ఎంత ముందు పంపినా, పేరు లేని మనిషికి అది చేరదు. చాలా దేశాల్లో పరిహారం జాబితా అంటే భూమి కాగితాల జాబితా. కౌలుకు చేసేవాడి పేరు అందులో ఉండదు. కూలికి వెళ్లే మనిషికి పొలమే లేదు, కాబట్టి పంట పోతే ఆమెకు పోయిందేమీ లేదని రికార్డు చెబుతుంది. నిజానికి పంట పోయిన ఊళ్లో కోత కూలి కూడా పోతుంది, అందరికంటే ముందు పొయ్యి ఆరేది ఆ ఇంట్లో. తిరుగుతూ పశువులు కాచుకునేవాళ్లకు స్థిరమైన చిరునామా లేదు. చేపలు పట్టేవాళ్లలో పడవ యజమాని పేరు ఉంటుంది, వల లాగే మనిషి పేరు ఉండదు, ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆడవాళ్ల పేర్లు అసలే ఉండవు. ఎండల వేడి వల్ల మగవాళ్లు నడిపే కుటుంబాల కంటే ఆడవాళ్లు నడిపే పల్లె కుటుంబాలు ఏటా 8 శాతం ఎక్కువ ఆదాయం పోగొట్టుకుంటున్నాయని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2024లో తేల్చింది. ఆమెకు పొలం ఆమె పేరు మీద ఉండదు, నీరు తేవడం, పిల్లలు, ముసలివాళ్లు అంతా ఆమె మీదే, ఎండ తగ్గాక పనికి పోదామంటే కుదరదు. ఇంతమందిని వదిలేసిన జాబితాతో పని మొదలుపెడితే, వరద వచ్చినప్పుడు మీ డబ్బు ఊళ్లో ఉండని భూస్వామి ఖాతాలో భద్రంగా పడుతుంది.

జాబితా వరద వచ్చాక తయారుచేసేది కాదు. ఊరు నిమ్మళంగా ఉన్నప్పుడు, అందరూ వినేలా, ఊరి మధ్య పేర్లు చదివి, తప్పిపోయినవాళ్లను చేర్చి, ఏటా ఒకసారి సరిచూసుకునేది. దీనికి పెద్ద ఖర్చు అవ్వదు. ఓపిక మాత్రం కావాలి.

అంచనా తప్పితే డబ్బు వృథా కాదా అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తప్పుతుంది కూడా. రాని వరదకు డబ్బు పంపిన సందర్భాలు ఉంటాయి. అప్పుడు ఆ పేద ఇల్లు ఆ డబ్బుతో ఏం చేస్తుంది? పాత బాకీ కడుతుంది, మేక కొంటుంది, పిల్లవాడి చెప్పులు కొంటుంది. తర్వాత వచ్చే కష్టానికి కాస్త గట్టిగా నిలబడుతుంది. అది వృథా అయితే, వచ్చిన వరదకు రాని డబ్బును ఏమనాలి? రెండు తప్పుల్లో ఏది చేస్తారో ఎంచుకోమంటే నేను ఆలోచించకుండా మొదటిదే ఎంచుకుంటాను.

ఇంకో అభ్యంతరం ఉంది, అది నన్ను నిజంగా ఆలోచింపజేస్తుంది. ఎలాగూ చిన్న సేద్యం నిలవదు, జనాన్ని పల్లెలకు కట్టేయడం ఎందుకు, పట్నాలకు రానివ్వండి అంటారు. పల్లె వదిలి వెళ్లడం తప్పని నేను అనుకోను. మా ఇంట్లోనూ వెళ్లినవాళ్లున్నారు, బాగుపడ్డారు కూడా. కానీ చేతిలో నాలుగు డబ్బులు, చదువో పనితనమో ఉండి వెళ్లడం వేరు, ఎద్దును అమ్మి, అప్పు నెత్తినెట్టుకుని, తెలియని ఊళ్లో అడ్డా మీద నిలబడటం వేరు. మొదటివాడు కూలి రేటు అడుగుతాడు. రెండోవాడు ఎంతిస్తే అంత తీసుకుంటాడు. ఆ రెండోవాడి వల్ల పట్నంలో ముందునుంచీ ఉన్న కూలీ రేటు కూడా పడిపోతుంది. వెళ్లినవాళ్లు ఇంటికి పంపే డబ్బు మీద కూడా ఓసారి దృష్టి పెట్టండి. దేశం దాటించి పంపితే ఖర్చు 3 శాతం లోపే ఉండాలని ఐక్యరాజ్యసమితి 2030 లక్ష్యాల్లో ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్నాయి. ఇప్పటికీ సగటున 6 శాతం పైనే కోత పడుతోంది. కరువు నెలల్లో పల్లెకు అందరికంటే ముందు చేరే సాయం కొడుకో కూతురో పంపే ఆ డబ్బే. దాన్ని మధ్యలో కోసుకోకుండా ఆపితే, అది మీ జేబులోంచి పైసా తీయకుండా చేసే సాయం.

పల్లెలు చేయి చాచి కూర్చున్నాయని అనుకోకండి. పశ్చిమాఫ్రికా దేశం బుర్కినా ఫాసో ఉత్తరాన యకూబా సవడోగో అనే రైతు ఉండేవారు. 1980 ప్రాంతంలో, కరువుకు భయపడి జనం ఊళ్లు వదిలిపోతుంటే, ఆయన గట్టిబడి పొలుసుకట్టిన నేలలో గుంతలు తవ్వడం మొదలుపెట్టారు. జాయి అంటారు అక్కడ ఆ పద్ధతిని. పాతదే, ఆయన గుంతను ఇంకాస్త వెడల్పు, ఇంకాస్త లోతు చేశారు, వానకు ముందే అందులో పెంట వేశారు. పెంటకు చెదలు వస్తాయి, చెదలు నేలను తొలుస్తాయి, ఆ సందుల్లోంచి తొలకరి నీరు లోపలికి దిగుతుంది. చెదలతో దుక్కి దున్నించాడాయన. వేసవిలో గుంతలు తవ్వుతుంటే చుట్టుపక్కలవాళ్లు పిచ్చివాడన్నారు. ఆ గుంతల్లో జొన్న పండింది, దాంతోపాటు పెంటలోంచి మొలిచిన చెట్లను కాపాడి ఒక అడవినే పెంచారు. 2018లో ఆయనకు రైట్ లైవ్‌లీహుడ్ అనే అంతర్జాతీయ అవార్డు ఇచ్చారు, 2023 డిసెంబరులో చనిపోయారు. విస్తరిస్తున్న పట్నం ఆయన బతికుండగానే ఆ అడవిలో కొంత భాగాన్ని తినేసింది. అడవిని ఆయన పెంచాడు, నేల మీద హక్కు మాత్రం ఆయనది కాదు.

పక్కనే ఉన్న నైజర్‌లో కథ కాస్త మంచి మలుపు తిరిగింది. ఒకప్పుడు అక్కడ పొలంలో మొలిచిన చెట్టు కూడా ప్రభుత్వానిదే అనే చట్టం ఉండేది. తనది కాని చెట్టును రైతు ఎందుకు కాపాడతాడు? 1980ల నుంచి ఆ పట్టు సడలుతూ వచ్చింది, చెట్టు మీద ఫలం తమదే అన్న నమ్మకం రైతులకు కలిగింది. కొత్తగా మొక్కలు నాటలేదు, మొదళ్ల నుంచి తిరిగి చిగురించే పిలకలను కొట్టేయకుండా కాపాడారు. 50 లక్షల హెక్టార్లలో సుమారు 20 కోట్ల చెట్లు లేచాయి. నీడ, పశువుల మేత, వంటచెరకు, ఇసుక గాలికి అడ్డు, అన్నీ వచ్చాయి. వాన పోయిన ఏడాది కొమ్మ నరికి అమ్ముకుని మేకను నిలబెట్టుకున్నారు. హక్కు చేతిలో పెడితే సగం పని పల్లే చేసుకుంటుందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? పనికి హామీ ఇచ్చినా అంతే. 2005లో భారతదేశం చేసిన ఉపాధి హామీ చట్టం, అడిగిన పల్లె కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని ఇవ్వాలంది, కూలి 15 రోజుల్లో చేతికి రావాలంది. అదే ఏడాది ఇథియోపియా మొదలుపెట్టిన పథకంలో పేద కుటుంబాలు కొండవాలుకు గట్లు కట్టి నగదో ధాన్యమో తీసుకున్నాయి. రెండు చోట్లా కూలి సమయానికి వచ్చిన నెలల్లో జనం నిలబడ్డారు, రాని నెలల్లో మళ్లీ వడ్డీవ్యాపారి గుమ్మం ఎక్కారు. ఇక్కడా తిరిగి తిరిగి అదే ప్రశ్న, ఎప్పుడు ఇచ్చారు?

ఇప్పుడు డబ్బు సంగతి, అడుగుతానన్నాను కదా. 2009లో కోపెన్‌హాగెన్ వాతావరణ సదస్సులో ధనిక దేశాలు, పేద దేశాలకు వాతావరణ సాయంగా 2020 నుంచి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. ఆ మాట మొదటిసారి నిలబెట్టుకున్నది 2022లో. అందులోనూ ఎక్కువ భాగం అప్పుగానే ఇచ్చారు. ఇప్పుడు 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు అని 2024లో బాకులో ఇంకో మాట ఇచ్చారు. ఇదంతా చిన్న రైతు దాకా ఎంత దిగుతోంది? 2019-20 లెక్క ప్రకారం ప్రపంచ వాతావరణ నిధుల్లో చిన్న సేద్యానికి చేరింది 0.8 శాతం. రెండు హెక్టార్ల లోపు కమతాలు ప్రపంచ సాగుభూమిలో 12 శాతమే, అవే ప్రపంచం తినే తిండిలో దాదాపు 35 శాతం పండిస్తున్నాయి. ఈ అంకెలను పక్కపక్కన పెట్టుకుని చూడండి.

మీ నిధి విషయానికొస్తే, 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ వాతావరణ సదస్సులో ఒప్పుకున్నారు, 2023లో దుబాయ్‌లో మొదలుపెట్టారు, 2025 ఏప్రిల్‌లో బార్బడోస్‌లో కూర్చుని తొలి విడతకు 25 కోట్ల డాలర్లు పెట్టారు. కనీసం సగం చిన్న ద్వీపాలకు, బాగా వెనుకబడిన దేశాలకు అన్నారు, అప్పుగా కాకుండా గ్రాంటుగా అన్నారు. సంతోషం. కానీ ఒక్కో ప్రాజెక్టుకు 50 లక్షల నుంచి 2 కోట్ల డాలర్లు అన్న చోట నాకు భయం వేస్తోంది. అంత పెద్ద దరఖాస్తు పల్లె సంఘం రాయలేదు. పెద్ద సంస్థ రాస్తుంది, దాని కింద ఇంకో సంస్థ, దాని కింద ఇంకొకటి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఊరికే పుట్టలేదు. కౌలుదారుల సంఘం, పశుపోషకుల సంఘం, మత్స్యకార మహిళల సంఘం నేరుగా అడిగి తీసుకునేలా ఒక చిన్న కిటికీ తెరవండి. దరఖాస్తు వాళ్ల భాషలో, నాలుగు పేజీలు దాటకుండా ఉండాలి. నిధిలో ఒక వాటా హెచ్చరిక రాగానే ఎవరి సంతకం కోసమూ ఆగకుండా కదిలే డబ్బుగా పక్కన పెట్టండి. ఏ స్థాయికి కదలాలో నిర్ణయించే గదిలో ఆ ప్రాంతపు రైతులూ కాపరులూ కూర్చోవాలి, మలావీ మళ్లీ జరగకూడదు.

మీరు చేసిన ప్రతి చెల్లింపు పక్కన ఇప్పుడు ఎంత డబ్బు, ఏ దేశం, ఏ సంస్థ అని రాస్తారు. దయచేసి ఇంకో రెండు గళ్లు చేర్చండి. మొదటి గడిలో మొదటి హెచ్చరిక వచ్చిన తేదీ. రెండో గడిలో ఆ డబ్బు చివరి ఇంటికి, మనిషి చేతికి చేరిన తేదీ. రాజధాని ఖాతాకు చేరిన తేదీ కాదు. ఆ రెండు తేదీలూ అందరికీ కనబడేలా ప్రచురించండి. వచ్చే బోర్డు సమావేశం ఎజెండాలో ఇది పెడతారని, పెట్టాక మాకు తెలియజేస్తారని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
సేద్యం ఇంట్లో పుట్టిన ఒకరు